ముందు బొమ్మ, పిదప మాట

అమీర్‌పేట మొదలు పంజాగుట్ట వరకు శిక్షణాలయముల పేరుపలకలు క్రిక్కిరిసియున్నవి. పల్లెల నుండి వచ్చిన యువకులు అచ్చట కంప్యూటరు విద్య వంటి క్లిష్టవిషయమును సైతము తమకు తెలిసిన మాటలలో నేర్చుకొనుచున్నారు. మఱి మన శిల్పచరిత్ర మాత్రము వారికి అందని పండు ఏల కావలెను?

అట్టి యువకునకు రామప్పగుడిని గూర్చి చెప్పవలెననుకొందము. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దానిని 1213లో నిర్మించెననియు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించెననియు మొదలిడి, వెంటనే అధిష్ఠానము, కక్షాసనము అని పరిభాష కురిపించినచో అతడు పుటను త్రిప్పివేయును. అట్లుగాక, చూరు క్రింద నిలిచిన నల్లరాతి మదనికలలో ఒకతె ఎత్తుమడమల పాదరక్షలు తొడిగియున్నదని చూపుడు. చూపు అచ్చట నిలుచును, ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న వెంట శిల్పియు, సేనానియు, కాలమును వచ్చినచో విసుగు కలుగదు.

చేర్యాల పటమును విప్పి కథ చెప్పువారి మార్గమిదియే: ముందు బొమ్మ, పిదప మాట. తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) కళను గూర్చి తెలుగులో విరివిగా వ్రాసి, ఈ విషయము పండితులకే పరిమితము కాదని చూపెను.

సులభముగా చెప్పుట యనగా పలుచన చేయుట కాదు. నేటి ఎత్తుమడమల చెప్పులకు ఆ మదనికయే మూలమని గొప్పలు పోరాదు. ఊహను ఊహగానే చెప్పవలెను.

ఇది వినోదము కొఱకు మాత్రమే కాదు. అర్థముకాని శిల్పమునకు సున్నము పూయుటకు ఎవరును జంకరు. కథ తెలిసిన రాతికి ఊరంతయు కావలి.