‘స్నోడెన్’ చూశాక మన హరిప్రసాద్ గుర్తొచ్చారు

మొన్న ఆదివారం హనుమకొండలోని మా రూమ్‌లో ఆలివర్ స్టోన్ తీసిన ‘స్నోడెన్’ చూశాం. 2016 సినిమా, కొత్తదేం కాదు. అయినా గ్యాడ్జెట్ల పిచ్చి ఉన్నోళ్లు చూడాల్సిందే. అమెరికా ఎన్ఎస్ఏ నిఘా గుట్టు విప్పేముందు హాంకాంగ్ హోటల్ గదిలో అందరి ఫోన్లూ మైక్రోవేవ్‌లో పెట్టేస్తారు, సిగ్నల్ అందకూడదని. మాకు మైక్రోవేవ్ ఎక్కడిది? స్టీలు బియ్యం డబ్బాలో ఫోన్ పెట్టి, మూతేసి కాల్ చేశాం. రింగయింది! మూత దగ్గర సన్న సందు ఉన్నా సిగ్నల్ దూరుతుంది మరి. రూబిక్స్ క్యూబ్‌లో మెమరీ కార్డు దాచి బయటికి తెచ్చే సీన్ మాత్రం కేక. లవ్ ట్రాక్ వచ్చినప్పుడల్లా మావాడు రీల్స్ చూసుకున్నాడు, తప్పు పట్టలేను.

అయిపోయాక అడిగాడు: "మనోళ్లల్ల ఇట్లాంటోళ్లు లేరా అన్నా?"

ఉన్నారు. హైదరాబాద్ ఇంజినీర్ వేమూరు హరిప్రసాద్. స్నోడెన్‌లా లోపల పనిచేసిన మనిషి కాదు, బయటి పరిశోధకుడు. 2010లో అలెక్స్ హాల్డర్‌మన్, రోప్ హాంగ్రైప్‌లతో కలిసి ఒక అసలు ఈవీఎంని విప్పి చూశారు. డిస్‌ప్లే బోర్డు తీసేసి, అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టారు. అందులో బ్లూటూత్ ఉంది. ఎవర్ని గెలిపించాలో ఫోన్‌లో ఎంచుకుంటే చాలు, కౌంటింగ్‌లో స్క్రీన్ మీద దొంగ లెక్కే కనిపిస్తుంది.

దీనికి మిషన్ ముందే చేతికి చిక్కాలి, దూరం నుంచి హ్యాక్ చేయడం కాదు. మా భద్రతా ఏర్పాట్ల మధ్య ఇది కుదరదన్నది ఎన్నికల సంఘం వాదన. సరే, వాదించుకోవచ్చు. కానీ 2010 ఆగస్టు 21న మహారాష్ట్ర పోలీసులు హైదరాబాద్ వచ్చి ఆయన్ని అరెస్టు చేశారు. ముంబై నుంచి మిషన్ దొంగతనమైందని కేసు. లోపం నిజమా కాదా అన్నది పక్కకు పోయి, ‘మిషన్ ఎవరిచ్చారు?’ అన్నదే అసలు ప్రశ్న అయింది. ఆయన పేరు చెప్పలేదు. వారం తర్వాత బెయిలొచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఈఎఫ్ఎఫ్ పయనీర్ అవార్డు ఇచ్చింది.

2013 అక్టోబర్‌లో వీవీప్యాట్లు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఓటేశాక ఏడు సెకన్లు కనిపించే చీటీ అదే. అది వేరే కేసులో తీర్పే కానీ, మిషన్ చూపే అంకెను గుడ్డిగా నమ్మొచ్చా అన్న ప్రశ్న మాత్రం ఒకటే.

ఆయన మీద సినిమా వస్తే మొదటి టికెట్ నాదే. అప్పటిదాకా ఆ పరిశోధన పత్రం నెట్‌లో ఫ్రీగా ఉంది. మావాడు రాత్రి ఒంటిగంట దాకా అందులోని బోర్డు ఫొటోలు జూమ్ చేసి చూస్తూనే ఉన్నాడు.