వంటశాల గోడ పలకలు – వాని వెనుక గోడ

వండిన మధ్యాహ్న భోజనమునే బడిపిల్లలకు పెట్టవలెనని 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశించినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరి నుండి ఆ పద్ధతి అమలునకు వచ్చినది. నాటినుండి బడి వంటశాల గ్రామమున ముఖ్యమైన కట్టడములలో ఒకటి అయినది. మసియు జిడ్డును అంటకుండుటకై పొయ్యి వెనుక గోడకు టైల్సు అనబడు పలకలను అతికించుట వాడుక. కాలక్రమమున అవి పొంగి గోడను వదలుచుండును. వదలిన పలక పగిలి, పెంకు ముక్క ఉడుకుచున్న పప్పులో పడినచో ఆ పూట వంట పారబోయవలసినదే. కావున ఈ పనిని గూర్చి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పంచాయతీ సభ్యులకు కొంత వివరింపదలచితిమి.

మేస్త్రీని పిలుచుటకు ముందు సభ్యులు స్వయముగా వంటశాలకు పోయి రూపాయి బిళ్లతో ప్రతి పలకను తట్టి చూడవలెను. గోడకు గట్టిగా అంటియున్న పలక టక్కుమని పలుకును. వదలినది డొల్లగా మ్రోగును. డొల్ల పలకలపై సుద్దముక్కతో గుర్తు పెట్టినచో ఎంత తీయవలెనో, ఎంత నిలుపవచ్చునో తేలును. మొత్తము పీకివేయుట మేస్త్రీకి సులువు, పంచాయతీ నిధికి బరువు. క్రొత్త పలకల రంగు పాతవానితో కలియదని కొందరు అభ్యంతరము చెప్పవచ్చును. రంగు కలియకున్నను అన్నము రుచి తగ్గదు.

పలక ఏల వదలినదను ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. నాలుగు మూలల నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి పలకను అతికించినచో నడుమ ఖాళీ మిగులును. అది పనివాని లోపము. తొట్టి అంచునుండి గాని, గోడలోని గొట్టమునుండి గాని నీరు కారుట మరియొక కారణము. మూడవది నేల నిమ్ము. నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములందు వరిమళ్లలో నెలల తరబడి నీరు నిలుచును. వీధి మట్టము ఏటేట పెరిగి వంటశాల పునాదిని మించినచో వాననీరు గోడ మొదట చేరును. గోడ ఆ తేమను పైకి పీల్చుకొనును. దానితోపాటు ఉప్పు పైకి వచ్చి, పూతను పొడిపొడిగా రాల్చును. ఇట్టి గోడకు ఎంత ఖరీదైన పలకలు అతికించినను మరల రాలును. ముందు బయట మట్టిని తొలగించి మురుగుకాలువ సరిచేయవలెను.

పలకలు తీయు దినమున గ్యాసు సిలిండరును బయట పెట్టి, విద్యుత్తును మీటరు వద్దనే ఆపవలెను. స్విచ్చి పెట్టెకు నేరుగా పైనను ప్రక్కలను గోడలో తీగలుండవచ్చును. తొట్టి రంధ్రమును గుడ్డతో మూయవలెను. ముందు పలకల సందులలోని తెల్ల సిమెంటును గీకి, పై అంచునుండి ఉలిని గోడకు దాదాపు వాలుగా పెట్టి మెల్లగా కొట్టవలెను. ఉలి గోడకు నిటారుగా దిగినచో పలకతోపాటు ఇటుకయు పోవును. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు కీడు చేయును. నీరు చిలుకరించుచు, కండ్లకు అద్దాలు, ముక్కునకు మాస్కు ధరించి పనిచేయవలెను. వంటచేయు తల్లులను ఆ సమయమున లోపలికి రానీయరాదు.

పలకలు తీసిన పిమ్మట గోడపై అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులు అతికించి ఒక దినము ఉంచవలెను. కాగితము లోపలివైపున చెమ్మ కనిపించినచో గోడలో ఇంకను తేమ కలదు, పూతకు తొందరపడరాదు. గోడ ఆరిన పిమ్మట తెల్లని ఉప్పును పొడి కుంచెతో దులిపివేయవలెను. కడిగినచో అది మరల గోడలోనికి పోవును. డొల్లబారిన పాతపూతను గట్టిభాగము వరకు చెక్కి, ఇటుకల సందులను కొంచెము తోడి, తడిపి, ఒకపాలు సిమెంటు, నాలుగు పాళ్లు జల్లించిన ఇసుకతో పూయవలెను. నీరు కలిపిన సిమెంటును అరగంటలో వాడవలెను. లోతు ఎక్కువైన చోట రెండు విడతలుగా పూయుట మేలు.

పూర్వపు కట్టడము మట్టితోగాని డంగు సున్నముతోగాని కట్టినదైనచో సంగతి వేరు. అట్టి గోడ ఊపిరి విడుచునట్లు తేమను బయటకు వదలును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపల చిక్కి గోడనే తినును. అచ్చట సున్నపు పూతయే తగినది. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతముల సున్నపురాయి సిమెంటు కర్మాగారములకు పోవుచున్న ఈ దినములలో సున్నము గానుగపట్టి పూయగల పనివారు అరుదైరి. అయినను వెదకుట అవసరము.

వేసవి సెలవులు ఈ పనికి అనువైనవి. అయితే ఎండకు పూత త్వరగా ఎండి పగుళ్లు వచ్చును. గోనెసంచులు తడిపి కప్పి, కనీసము ఏడు దినములు రోజునకు మూడుమార్లు నీరు పట్టవలెను. ఆపై నాలుగు వారములు ఆరిన తరువాతనే క్రొత్త పలకలు అతికింపవలెను. నీరు పట్టుట ఎవరి బాధ్యతయో తీర్మానమున ముందే వ్రాసి, ఆ ఏడు దినములు ముగియువరకు కూలిలో కొంత భాగమును నిలిపియుంచుట మంచిది.