ఆహారం తయారుచేసే చేతులు



మన గ్రామాల నుండి ప్రతి యేటా ఎందరో యువతీ యువకులు పట్నాలకు పనికి వెళ్తున్నారు. వారిలో చాలామంది బిస్కెట్లు, పచ్చళ్ళు, మసాలాలు, పాల పదార్థాలు, శీతల పానీయాలు తయారుచేసే చోట్ల చేరుతున్నారు. మన దేశంలో నమోదైన కర్మాగారాలలో పనిచేసేవారిలో నూటికి సుమారు 12 మంది ఆహార పదార్థాల తయారీలోనే ఉన్నారు. అయినా "ఏం పని చేస్తున్నావు బాబూ?" అని అడిగితే, "ప్యాకింగ్ పనేనండీ" అని తల వంచుకొని చెప్పే పిల్లలను మేము చూస్తుంటాము. ఆ పని నిజంగా అంత చిన్నదా? దానికి విద్య అక్కరలేదా? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాదులోని తార్నాకలో దొరుకుతుంది.

ఒకే ఏట పుట్టిన రెండు విద్యాస్థానాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపించబడింది. అదే ఏట నీలగిరి కొండలలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ఒక చిన్న పరిశోధన ఆరంభించారు. ఆ పరిశోధనశాల క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఉస్మానియా ఆవరణ పక్కనే తార్నాకలో స్థిరపడింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చింది.

ఈ రెండింటి చుట్టుపక్కల ఆహార విద్య బాగా విస్తరించింది. ఉస్మానియా సాంకేతిక కళాశాలలో ఆహార శుద్ధి గురించి ఇంజనీరింగు చదువు ఉంది. హబ్సిగూడలో, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారి శాఖ ఉంది. కొద్ది దూరంలోని నాచారంలో, 1976లో మొదలైన ప్రభుత్వ ఆహార కర్మాగారం ఉంది. తెలంగాణ అంగన్‌వాడీలలో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతం అక్కడిదే.

బియ్యపు మర చెప్పిన పాఠం

బెరిబెరి వచ్చినవారికి కాళ్ళు తిమ్మిరెక్కి సత్తువ పోతుంది, ఒళ్ళు ఉబ్బుతుంది, గుండె బలహీనమవుతుంది. ఒకప్పుడు మన ఉత్తర సర్కారు తీరంలో ఈ వ్యాధి ఎక్కువగా ఉండేది. కారణమేమి? అక్కడివారు మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవారు. తవుడుతో పాటు బి-1 విటమిను కూడా పోయేది. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి దంపిన ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఈ వ్యాధి అరుదు. ఎందుకంటే ఆవిరి పట్టినప్పుడు తవుడులోని విటమిను గింజలోపలికి చేరుతుంది.

చూడండి, అదే వడ్లు, అదే మర. తేడా అంతా పనిచేసే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి ఒక చోట జనాన్ని కాపాడింది, ఇంకొక చోట మంచం పట్టించింది.

కొలత తప్పితే

ఈనాటి కర్మాగారంలో కూడా ఇంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఇందుకు తార్నాక శాస్త్రవేత్తలు ఉప్పులో అయోడిన్‌తో పాటు ఇనుమును కూడా చేర్చే విధానం కనుగొన్నారు. అయితే కలిపేటప్పుడు మిశ్రమం సమంగా కలవకపోతే ఒక ప్యాకెట్టులో ఎక్కువ, ఇంకొక ప్యాకెట్టులో తక్కువ పడుతుంది. శాస్త్రవేత్త కష్టం ఫలించాలంటే యంత్రం దగ్గర నిలబడిన మనిషికి తన పని తెలిసి ఉండాలి.

పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరచాలి. వేడి తగ్గితే రోగక్రిములు మిగులుతాయి. వేరుశనగలు సరిగా ఎండకపోతే బూజు పట్టి, కాలేయాన్ని చెరిపే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. సంచికి సీలు సరిగా పడకపోతే తేమ చేరి, లోపలి పిండి పాడవుతుంది. కనుక ప్యాకింగ్ పని చిన్న పని కాదు. ఆ సంచి విప్పి తల్లి తన బిడ్డకు తినిపిస్తుంది.

పనివారి కంచం

ఇతరులకు ఆహారం తయారుచేసేవారు తాము ఆకలితో ఉండకూడదు. ఒక మోస్తరు శ్రమ చేసే స్త్రీకి రోజుకు 2130 కిలోకేలరీలు, పురుషునికి 2710 కిలోకేలరీలు అవసరమని తార్నాక సంస్థ 2020లో లెక్క కట్టింది. టీ తాగి పనిలోకి వెళ్ళి, సాయంత్రం వరకు నిలబడే ఆడపిల్లలకు ఇది ఎలా సరిపోతుంది? అలసిన చెయ్యే యంత్రంలో పడుతుంది.

మనమేమి చేయవచ్చు?

తల్లిదండ్రులారా, మీ పిల్లలను పనికి తీసుకుపోయే మేస్త్రీని జీతం ఎంత అని మాత్రమే అడగవద్దు. పని నేర్పుతారా? యంత్రాలకు రక్షణ కంచెలు ఉన్నాయా? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కడతారా? భోజనానికి విరామం ఉందా? ఇవి కూడా అడగండి.

యువకులారా, ఆహార భద్రతా సంస్థ వారి 'ఫాస్టాక్' శిక్షణలో శుభ్రత, నిల్వ, చట్టం గురించి నేర్పుతారు. ఇరవై అయిదుమంది పనివారికి శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఒక్కరైనా ఉండాలన్నది ఆ సంస్థ నియమం. ఆ స్థానంలో మన పిల్లలు ఎందుకు ఉండకూడదు?

స్త్రీల సమాజాల సహోదరీలారా, పచ్చళ్ళు, పిండివంటలు చేసి అమ్మేవారు అక్కడక్కడ ఉన్నారు. మీకు రుచి తెలుసు. దానితో పాటు తేమ, తూకం, తేదీ, లేబులు నేర్చుకుంటే మీ సరుకు ఊరు దాటి వెళ్తుంది.

బబులోనులో దానియేలు పది దినాలు శాకధాన్యాలు తిని పరీక్షకు నిలబడ్డాడు. ఆహారాన్ని పరీక్షించి చూడడం అవిశ్వాసం కాదని మనం అక్కడ నేర్చుకుంటాము. అరణ్యంలో గుడారం పని చేసిన బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపాడు. కంచు, కర్ర పని మాత్రమే కాదు, అభిషేక తైలాన్ని పరిమళద్రవ్యాలతో తయారుచేసినదీ అతడే. ఆ తైలంలో ఏది ఎంత తూకం వేయాలో దేవుడే ముందుగా చెప్పాడు. కొలత తప్పకుండా కలిపే చేతికి కూడా ఆత్మ కావాలి.

కాబట్టి వచ్చే ఆదివారం ప్రార్థనలో, పొలం పండించే రైతులతో పాటు కర్మాగారాలలో ఆహారం తయారుచేసే మన బిడ్డలను కూడా పేరు పేరునా జ్ఞాపకం చేసుకుందాము. వారు తల ఎత్తుకొని తమ పని పేరు చెప్పే దినం ప్రభువు దయచేయును గాక. ఆమేన్.