పిలుపు ఉన్నవాళ్లు కాపీ కొట్టరా?

పాస్టరు కావడానికి చదువుతున్న కుర్రాడు కాపీ కొట్టి దొరికాడంటే సంఘంలో ముందు ఎవరూ నమ్మరు. నమ్మాక క్షమించరు. రెండూ అపోహల వల్లే.

అపోహ: దేవుని పిలుపు అందినవాడు తప్పుదారి తొక్కడు.

వాస్తవం: అమెరికాలోని ప్రిన్స్‌టన్ సెమినరీ విద్యార్థులపై జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ చేసిన పరిశోధన 1973లో అచ్చయింది. 40 మందిని ఒక్కొక్కరిగా, ప్రసంగించడానికి పక్క భవనానికి పంపారు. కొందరి అంశం, దారిలో గాయపడి పడి ఉన్నవాడికి సాయపడిన మంచి సమరయుడి ఉపమానమే. దారిలో ఒకతను దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తీరిక ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది సాయపడ్డారు. ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవాళ్లలో 10 శాతమే. సమరయుడి కథ మనసులో మెదులుతున్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది కాపీ మీద చేసిన పరీక్ష కాదు. అయినా భక్తి ఉన్న మనిషిని కూడా తొందర ఎంత మారుస్తుందో ఇందులో తెలుస్తుంది. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు వేదాంత గ్రంథాలతో కుస్తీ పడుతూ, ఆదివారం ఆరాధన కూడా నడిపే విద్యార్థికి రేపే వ్యాసం ఇమ్మంటే ఏమవుతుందో ఊహించవచ్చు.

అపోహ: పాస్టరు, అమెరికా పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ సిద్ధాంత గ్రంథంలో కాపీ ఉందన్నది శత్రువుల పుకారు.

వాస్తవం: దాన్ని బయటపెట్టింది ఆయన రచనలను సంకలనం చేస్తున్న పండితులే. ఆయన అంతకుముందు చదివిన క్రోజర్ సెమినరీలో రాసిన వ్యాసాల్లోనూ ఆ అలవాటు కనిపించింది. 1955లో డాక్టరేట్ ఇచ్చిన బోస్టన్ విశ్వవిద్యాలయం 1991లో విచారించి నిజమేనంది. పట్టా వెనక్కి తీసుకోలేదు, గ్రంథాలయ ప్రతికి ఆ సంగతి తెలిపే లేఖ జతచేసింది. ఆయన ఎత్తి రాసుకున్న వాటిలో 1952 నాటి మరో విద్యార్థి గ్రంథం కూడా ఉంది. ఆ గ్రంథానికీ కింగ్ గ్రంథానికీ ప్రధాన పరీక్షకుడు ఒకే ప్రొఫెసరు! కింగ్ పోరాటం గొప్పదనం దీనితో తగ్గదు. కానీ మొదటి వ్యాసంలోనే ఆపి దిద్దే గురువు దొరకకపోవడం ఆయనకు జరిగిన అన్యాయమే.

అపోహ: ఇతరుల ప్రసంగం చెప్పడం ఎప్పుడూ దొంగతనమే.

వాస్తవం: సొంతంగా రాయలేనివారు మంచి ప్రసంగాన్ని నేర్చుకుని చెప్పవచ్చని ప్రాచీన క్రైస్తవ బిషప్పు అగస్టీన్ ఎప్పుడో ఒప్పుకున్నాడు. తనది కానిదాన్ని తనదని నమ్మించడమే తప్పు. పరీక్షకు పెట్టిన వ్యాసానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

సెమినరీల గురువులకు ఒక విన్నపం: దొరికినవాణ్ని గెంటేయడానికి ముందు, ఆధారం ఎలా చూపాలో మొదటి ఏడాదిలోనే కూర్చోబెట్టి నేర్పండి. శిక్ష తప్పదంటే వెయ్యండి, కానీ దాచిపెట్టి సేవకు పంపకండి.