మైపాడు దారిలో అంకణాల బేరం: కయ్య ఇచ్చే ముందు లెక్క చూసుకోండి

నెల్లూరు మైపాడు గేటు దగ్గర బస్సెక్కి ఇందుకూరుపేట మీదుగా సముద్రం దాకా పోయి చూడండి. సుమారు పాతిక కిలోమీటర్ల దారి. ఒక పక్క వరి కయ్య, దాన్ని ఆనుకుని రొయ్యల గుంట, ఆ పక్కనే తెల్లరాళ్లు పాతి రంగుల బోర్డు పెట్టిన ప్లాట్లు. దారి పొడుగునా ఈ మూడూ కలగలిసి కనబడతాయి. పెన్నా కాలువల చివరి నీళ్లు తాగి బతికిన ఈ నేల ఇప్పుడు సగం పల్లె, సగం పట్నం. ఆదివారం వస్తే కార్లు, మోటారు సైకిళ్లు బీచికి బారులు తీరతాయి. వచ్చినవాళ్లలో కొందరు సముద్రం చూసి పోతారు. కొందరు మాత్రం తిరుగుదారిలో ఆగి, "ఈ పొలం ఎవరిదయ్యా, ఇస్తారా?" అని అడుగుతారు.

ఈ వ్యాసం ఆ మాట విన్న ఎకరం, రెండెకరాల రైతు కోసం. అలాగే నాలుగు రూపాయలు కూడబెట్టి "సముద్రం దగ్గర ఒక ప్లాటు కొని పడేద్దాం" అనుకుంటున్న మీ బంధువుల కోసం కూడా. అమ్మేవాడైనా కొనేవాడైనా మోసపోవడానికి మొదటి కారణం ఒక్కటే. బేరం ఒక కొలతలో, లాభం ఇంకో కొలతలో ఉండటం.

ఎకరాల్లో అమ్మి, అంకణాల్లో చూడండి

మీ దగ్గర కొనేవాడు ఎకరం లెక్కన అడుగుతాడు. అదే నేలను అంకణం లెక్కన అమ్ముతాడు. ఎకరమంటే 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అదే పేరుతో 36 చదరపు అడుగులే లెక్క. ఏ అంకణమో ముందు తేల్చుకోండి. కాగితంలో మాత్రం గజాల్లోనే రాయించండి. అంకణం మాటతో కాగితం రాస్తే రేపు తగాదా వచ్చినప్పుడు ఎవరి అంకణం వాళ్లదే అవుతుంది.

ఇక లెక్కకొద్దాం. రోడ్లు, ఖాళీ స్థలాల కింద సుమారు 40 శాతం పోతుందనుకోండి. ఎకరంలో ప్లాట్లకు మిగిలేది 2,904 గజాలు, అంటే 363 అంకణాలు. అంకణం 15 వేలకు అమ్ముడైతే 54 లక్షల 45 వేలు. మీకు ఎకరానికి 25 లక్షలు ఇచ్చాడు, మట్టి తోలించి, రోడ్డు వేసి, కరెంటు స్తంభాలు నిలబెట్టి, ఫీజులు కట్టడానికి ఇంకో 8 లక్షలు పెట్టాడు. అతనికి మిగిలింది 21 లక్షల పైచిలుకు. ఈ రూపాయలు లెక్క చూపించడానికి వేసినవే గాని మైపాడు ధరలు కావు. మీ ఊరి ధర కనుక్కుని ఇదే లెక్క ఒక కాగితం మీద వేసుకోండి. ప్లాట్లు అమ్ముడుపోక ఆగిపోతే నష్టం అతనిదే, ఆ మాటా నిజమే. కానీ లెక్క తెలిసి అడిగే రైతుకూ, తెలియక తలూపే రైతుకూ బేరంలో చాలా తేడా వస్తుంది.

అమ్మడం తప్పని మేం చెప్పం. ఎకరానికి మూడు పుట్లు పండాయనుకోండి. మన పుట్టి 850 కిలోలు గనుక ఇరవై అయిదున్నర క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు. మొత్తం 60 వేల పైచిలుకు. అందులోంచి దుక్కి, నాట్లు, ఎరువులు, కోత కూలి తీసేయాలి. అదే 25 లక్షలు బ్యాంకులో వేస్తే 7 శాతం వడ్డీ చొప్పున ఏడాదికి లక్షా 75 వేలు. ఇది చూసి ఏ రైతుకైనా మనసు ఊగుతుంది. అయితే బ్యాంకులో వేసిన సొమ్ము అక్కడే ఉండాలి గదా! ఆడపిల్ల పెళ్లి, మిద్దె, పిల్లోడి చదువు అంటూ మూడేళ్లలో అది కరిగిపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అందుకే రెండెకరాలున్న రైతు ఒక ఎకరం ఉంచుకునే బేరం చేయడం మేలని మా అభిప్రాయం. అది కూడా రోడ్డు వైపు ముక్క మీ చేతిలో ఉండేట్టు చూసుకోవాలి. లోపలి ముక్క మిగిల్చుకుంటే రేపు దారి కోసం మీరే బతిమాలాల్సి వస్తుంది.

పొలం అమ్మిన సొమ్ముపై పన్ను సంగతీ తెలుసుకోండి. లక్షకు మించి, పది లక్షల లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దుకు 6 కిలోమీటర్లు దాటిన సాగుభూమి అమ్మితే కేంద్రానికి మూలధన లాభం పన్ను ఉండదు. నెల్లూరు కార్పొరేషను ఈ తరగతిలోనిదే. మైపాడు ఆ దూరానికి ఎంతో అవతల ఉంది. కానీ మీరే పొలాన్ని ప్లాట్లుగా మార్చి అమ్మితే అది సాగుభూమి అనిపించుకోదు. ఇంకో మాట, భూమి బేరంలో 20 వేలు, ఆ పైన నగదుగా అడ్వాన్సు తీసుకోకూడదు. చెక్కుగానో, బ్యాంకు ద్వారానో తీసుకోండి.

ఒడ్డుకు దగ్గరైతే ధర ఎక్కువ, హక్కు తక్కువ

"సముద్రం కనబడుతుంది" అని చెప్పి అమ్మే ప్లాటు దగ్గర కొనేవాడు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. పోటు నీళ్లు ఎగబాకే గీత నుంచి 500 మీటర్ల దాకా ఏది కట్టాలన్నా నిబంధనలుంటాయి. పల్లె ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లు కొత్త కట్టడాలకు నిషేధం. 2019లో వచ్చిన ఉత్తర్వు చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న పల్లెలకు ఆ 200ను 50 మీటర్లకు తగ్గించింది. అదీ కొత్త తీర మ్యాపుకు ఆమోదం వచ్చాకే. కాబట్టి "ఇప్పుడు యాభై మీటర్లేనన్నా" అని ఎవరైనా అంటే, "మన సర్వే నంబరు ఏ గీతలో ఉందో మ్యాపు చూపించు" అనండి.

డీకేటీ పట్టాలు ఈ తీరంలో చాలా ఉన్నాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి చేతులు మారకుండా 1977లోనే చట్టం వచ్చింది. తర్వాత సడలింపులూ వచ్చాయి, వాటిపై వివాదాలూ వచ్చాయి. అందుకని ఆ నంబరు నిషేధిత 22-ఏ జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి. ఈసీ, అడంగల్, వన్-బీ, సర్వేయరు కొలిచిన పటం, ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. లేఅవుటైతే అనుమతి నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రెరా నమోదు ఉండాలి. జీపీఏ కాగితం మీద కొన్న భూమికి హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

సింగపూరులోనో అమెరికాలోనో ఉన్న మేనల్లుడు డబ్బు పంపి, "మామా, మైపాడులో రెండెకరాలు చూడు" అంటాడు. విదేశాల్లో స్థిరపడినవారు ఇక్కడ ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు గాని సాగుభూమి, తోట, ఫారం హౌసు కొనకూడదు. తాతల ఆస్తి వాటాగా వస్తే వేరే సంగతి. మీ పేరున కొని పెట్టుకోమంటే అది బినామీ. కేసు వస్తే ముందు పట్టుకునేది మిమ్మల్నే.

అమ్మకుండా సంపాదించే దారి ఇంకొకటుంది. ఇండోనేషియాలోని బాలి దీవి విహారానికి పేరున్న చోటు. ఆ దేశంలో 1960 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయుడికి సొంత హక్కు రాదు. అందుకని ఎక్కువమంది పాతికేళ్ల లాంటి కౌలుకే తీసుకుంటారు. మాగాణి మీద బంగళాలు లేచినా యజమాని ఆ రైతు కుటుంబమే. అయితే గడువు తీరాక చేతికొచ్చేది సిమెంటు నేలే గాని వరి మడి కాదు. అక్కడి బాధ అదీ. మనవాళ్లు దీన్నుంచి పనికొచ్చేదే తీసుకోవాలి. రోడ్డు పక్క చిన్న ముక్కను హోటలుకో, బండ్లు నిలిపే చోటుకో ఏళ్ల లెక్కన కౌలుకివ్వడం మంచిదే. ఏడాది దాటిన కౌలు ఏదైనా రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితం మీద రాసుకున్నది కోర్టులో నిలబడదు.

గుంటకిచ్చే ముందు

1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు నెల్లూరు తీరం రొయ్యల రాజధాని అనిపించుకుంది. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలకు గుంటలు పోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ సాగుభూములను, ఊరి ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చవద్దంది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామి రకానికి కేంద్రం అనుమతిచ్చాక గుంటలు మళ్లీ కళకళలాడాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ధర కిందపడింది. ముప్పై ఏళ్లలో ఇన్ని ఎత్తుపల్లాలు చూసిన పంట ఇది.

కౌలుదారు నాలుగేళ్లు చేసుకుని వెళ్లిపోతాడు. ఉప్పు మాత్రం నేలలో ఉండిపోతుంది. కౌలు కాగితంలో మూడు మాటలు తప్పక రాయించండి. అథారిటీ నమోదు ఉన్న గుంటే చేయాలి, చుట్టూ ఊట కాలువ తీయాలి, గడువు తీరాక గట్లు చదును చేసి నేల అప్పగించాలి. ఊట కాలువ లేకపోతే మీ నేలతోపాటు పక్క రైతు కయ్య కూడా చెడుతుంది. అతనితో మీకు తగాదా, కౌలుదారు మాత్రం ఊళ్లో ఉండడు.

గుంట చేసిన నేలను మళ్లీ సాగుకు తెచ్చేటప్పుడు చాలామంది గుడ్డిగా జిప్సం తోలిస్తారు. ముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపే ఉంటే అది పాలచౌడు. దానికి జిప్సం అక్కర్లేదు. మంచినీళ్లు నిలగట్టి, మురుగు కాలువలోకి వదిలి, ఇట్టా మూడు నాలుగుసార్లు కడగాలి. పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు కావచ్చు. జిప్సం పనిచేసేది దానికే, అదీ పరీక్షలో చెప్పిన మోతాదులో. తర్వాత జీలుగ చల్లి, పూతకు ముందు కలియదున్నండి. ఒక్క పంటతో నేల బాగుపడుతుందని ఆశపడొద్దు.

మంచినీళ్లు పైన, ఉప్పునీళ్లు కింద

ప్లాటు కొనేవాడూ, అమ్మేవాడూ మరిచేది నీళ్ల సంగతి. ఇసుక నేలలో వాన నీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్లుంటే, దాని కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీటి పొర ఉంటుందని లెక్క. పైన ఒక అడుగు తోడేస్తే కింద ఉప్పు 40 అడుగులు పైకొస్తుంది. మన పెద్దోళ్లు ఇసుకలో లోతు లేని దొరువులు తవ్వి, కడవలతో పైపైన నీళ్లు తీసి తోటలు పెంచింది ఇందుకే. బాపట్ల శాస్త్రవేత్తలు ఆ దొరువునే మెరుగుపరిచి, ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి తక్కువ లోతులో నీళ్లు తీసే పద్ధతి తయారుచేశారు. ఇప్పుడు ప్రతి ప్లాటుకూ ఒక లోతు బోరు, ప్రతి గుంటకూ ఒక మోటారు పెడితే పక్కనున్న కూరగాయల రైతు బావి ముందు ఉప్పగిల్లుతుంది. ఇండోనేషియాలోనే జావా ఉత్తర తీరాన దెమాక్ ప్రాంతంలో మడ అడవులు కొట్టి చెరువులు తవ్వారు, భూగర్భ జలం తోడారు. నేల కుంగి సముద్రం ఊళ్లలోకి వచ్చింది. ఇళ్లు వదిలి పోయినవాళ్లున్నారు.

అక్కడికీ మనకూ మధ్య ఉన్నది సముద్రమే. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపిస్తే మన తీరానికి అలలు వచ్చాయి. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటింది. ఇక్కడ ఇల్లు కట్టాలనుకునేవారు బ్రోచరు చూడటం కాదు, పట్టపు పాళెంలో పెద్దవాళ్లను అడగాలి. సునామీనాడు నీళ్లు యాడిదాకా వచ్చాయి, వానలకు ఏ దారి మునుగుతుంది, ఏ బావి ఎండాకాలం తీపిగా ఉంటుంది? వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తినేస్తుంది గనుక కప్పులో కడ్డీలపై సిమెంటు మందంగా పోయించాలి.

ఆదివారం వచ్చేవాళ్లు

భూమి అమ్మకుండానే మీకు నాలుగు డబ్బులొచ్చేది వీళ్ల వల్లనే. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికి, సెలవులకు పిల్లాజెల్లతో వచ్చేవాళ్లు లేత కొబ్బరి బొండాలు, ఉడకబెట్టిన వేరుశనగ, తాటిముంజెలు, తాజా ఆకుకూరలు కొంటారు. దళారి లేని అమ్మకం ఇది. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి రోడ్డు పక్క ఒక పాక వేసుకుంటే చాలు. చేపలు అడిగితే పాళెం వాళ్ల దగ్గరికి పంపండి, వాళ్ల బేరం మీరు చేయకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మోటారు పడవల వేట నిషేధం గనుక ఆ రెండు నెలలు చేపలకు వచ్చేవాళ్లు తగ్గుతారు. ఎండాకాలం సెలవులు మాత్రం అప్పుడే. బొండాలు, ముంజెలు, మజ్జిగ ఎక్కువ తెచ్చుకోండి.

ఇసుక ముక్క ఉన్నవాళ్లు ప్లాటు బేరం కుదరలేదని నేలను బీడు పెట్టొద్దు. సరుగుడు మొక్కలు నాటితే నాలుగైదేళ్లకు కోతకొస్తుంది, గాలికి అడ్డంగానూ ఉంటుంది. మొదటి రెండేళ్లు వరసల మధ్య వేరుశనగ వేసుకోవచ్చు. వానలు మొదలయ్యాక అక్టోబరులో నాటితే మొదటి ఎండాకాలానికల్లా వేరు లోపలికి దిగుతుంది.