నిదురవేళ: శిశువు భాషాభ్యాసము

ఒక విషయమును కేంద్రముగా గైకొని పాట, మాట, ఆట, లెక్క దాని చుట్టును అల్లి నేర్పు పద్ధతి శిశువిద్యలో కలదు. నిద్ర అట్టి విషయములలో నొకటి. మంచము, దిండు, దుప్పటి, చందమామ అను బొమ్మలు చూపి పేళ్లు వల్లె వేయించుటతో ఈ పాఠము తరచుగా ముగియును. అది నామవాచకముల పట్టిక మాత్రమే. నిద్రను గూర్చిన తెలుగు సంపద క్రియలలో నున్నది.

పడుకొను-పడుకోబెట్టు, నిద్రపోవు-నిద్రపుచ్చు, ఊగు-ఊపు, లేచు-లేపు. ఈ జంటలలో మొదటిది తనంత తాను చేయు పని. రెండవది ఒకరు మరియొకరి విషయమున జరిపించు పని. నిర్మాణము మాత్రము ఒక్క తీరున లేదు. ఊపు, లేపు అనువానిలో ధాతువు తుదివర్ణము మారినది. పడుకోబెట్టులో 'పెట్టు' అను వేరొక క్రియ వచ్చి చేరినది. మూడేండ్ల బిడ్డకు దీనిని సూత్రరూపమున చెప్పుట అసాధ్యము, అనవసరము కూడ. రాత్రి తల్లి ఊపగా ఊగిన బిడ్డ పగలు బొమ్మను పాత చీర ఉయ్యాలలో వేసి తానే ఊపును. నిన్న కర్మయైనది నేడు కర్తయగును. బొమ్మ లేని పాఠమున ఈ మార్పునకు చోటు లేదు.

పలుకుబడి భేదములును ఇచ్చటనే పరిచయమగును. బిడ్డతో 'బజ్జో', తాతగారితో 'పడుకోండి', దేవునియెడ పవళింపు. తిరుమలలో ఏకాంతసేవవేళ అన్నమాచార్యుని (1408-1503) లాలిని తాళ్లపాకవారి వంశీయులు పాడుట ప్రసిద్ధము. 'బజ్జో' వంటి ముద్దుమాటలను వాచకకర్తలు చిన్నచూపు చూచుట తగదు. ఇవి బిడ్డ తప్పుగా పలికినవి కావు, పెద్దలు అందించునవి. 1964లో ఫెర్గూసన్ ఆరు భాషల ముద్దుమాటలను పరిశీలించి వాని సామ్యములను చూపెను. మరాఠీ అందులో నొకటి. అశోక్ కేల్కర్ మరాఠీ ముద్దుమాటలపై వ్రాసినదియు ఆ యేడే.

తెలుగునాటికి వెలుపల పెరుగు బిడ్డకు బడియు వీధియు అన్యభాషలో నడచును. అట్టి యింట పరుండువేళయే తెలుగు మిగులు వేళ. ఆ వేళ తెరముందు గడచినచో, పై జంటలలో రెండవదానిని వినుట యెట్లు? నిద్రపుచ్చువారు పలికిననే గదా అది చెవిని పడును! అట్లని పడకను పాఠశాల చేయరాదు. మూడు నాలుగేండ్లవారికి పగటి కునుకుతో కలిపి దినమునకు 10-13 గంటల నిద్ర వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. జోల పాడి దీపమార్పిన చాలును.

పలుభాషల పిల్లలున్న తరగతిలో ఉపాధ్యాయుడు 'మీ యింట నిన్నెవరు, ఏమని నిద్రపుచ్చుదురు?' అని అడుగవచ్చును. హిందీ బిడ్డ సోనా-సులానా, కన్నడ బిడ్డ మలగు-మలగిసు, తమిళ బిడ్డ తూంగు-తూంగవై అను జంటలను తెచ్చును. కన్నడము ప్రత్యయమును చేర్చినది. తమిళము, తెలుగు 'పడుకోబెట్టు' వలె, వేరొక క్రియను చేర్చినది. తమిళ 'తూంగు'నకు వ్రేలాడుట, ఊగుట, నిద్రించుట అను అర్థములు కలవు. దానికి జ్ఞాతియైన తెలుగు 'తూగు' నేటికిని ఉయ్యాలకును కునికిపాటునకును చెల్లుచున్నది.