జలపాతం దాకా నాలుగు కిలోమీటర్లే కదా!

బిందెలు వరసలో పెట్టి కుళాయి కోసం కాచుకునే ఊళ్ళవాళ్ళకు, కొండమీంచి నీళ్ళు ఊరికే దూకుతున్నాయంటే చూసి రావాలని ఉండదూ? కర్నూలు, కడప సీమల్లో ఏడాది మొత్తానికి పడే వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందుకే వానలు పడి వాగులు కదిలాయని తెలియగానే కడప వాళ్ళు సిద్ధవటం దగ్గర లంకమల అడవిలోని నిత్యపూజకోనకూ, నంద్యాల, ఆళ్ళగడ్డ వాళ్ళు అహోబిలానికీ పిల్లాపాపలతో బయలుదేరతారు. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. డాక్టర్లు అన్నిటికీ అడ్డు చెబుతారన్న అపవాదు నాకెందుకు? మూట కట్టేముందు మాత్రం కాసేపు నా మాట వినండి.

అహోబిలం సంగతే తీసుకుందాం. ఒకప్పటి కర్నూలు జిల్లాలోది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఎగువ అహోబిలం దాకా బస్సు పోతుంది. అక్కణ్ణించి భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుడికి సుమారు నాలుగు కిలోమీటర్లు. జలపాతం గుడి దగ్గరే. "నాలుగేనా! బజారుకు రెండుసార్లు పోయొచ్చినంత" అంటారు ఇంటి యజమాని. బజారు దారి చదును. ఇక్కడ కొంత దూరం మెట్లు, కొంత దూరం బండలు, మధ్యమధ్య వాగు. ఎక్కినదంతా మళ్ళీ దిగాలి కూడా. ఏడాది పొడుగునా ఆఫీసు కుర్చీలో కూర్చున్న గుండెకు కిలోమీటర్ల లెక్క తెలియదు, ఎత్తు లెక్కే తెలుస్తుంది. కనుక ప్రయాణానికి మూడు వారాల ముందునుంచే రోజూ అరగంట నడవండి. మేడమెట్లుంటే నాలుగుసార్లు ఎక్కి దిగండి.

ఎంత వేగంగా ఎక్కాలి? దీనికి యంత్రాలక్కర్లేదు. పక్కవాళ్ళతో మాట్లాడుతూ నడవండి, లేదా గోవింద నామం చెప్పుకుంటూ నడవండి. నామం తెగకుండా వస్తుంటే మీ వేగం సరిగ్గా ఉంది. 'గో' దగ్గర ఆగి 'విందా' కోసం ఊపిరి వెతుక్కోవాల్సి వస్తే కూర్చోండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట కనిపిస్తే అది ఉదయం తిన్న ఉగ్గాని, బజ్జీల గ్యాస్ అని సరిపెట్టుకోకండి. ఆ మనిషిని ఒక్క అడుగు కూడా నడిపించక, మోసుకుని దించి ఆసుపత్రికి చేర్చండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందే తమ డాక్టరు గారిని అడగాలి. డోలీ ఎక్కడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఆపైన ఉన్న ఉగ్రస్తంభం జోలికి మాత్రం పోవద్దు.

ఇక మధుమేహం ఉన్నవాళ్ళ సంగతి. నేను ముఖ్యంగా రాయాలనుకున్నది వీళ్ళకోసమే. దర్శనమయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని మొక్కుకుంటారు. మాత్ర మాత్రం అలవాటు ప్రకారం పొద్దున్నే వేసుకుంటారు. కడుపులో తిండి లేదు, లోపల మందు పనిచేస్తోంది, పైగా కొండ ఎక్కుడు. రక్తంలో చక్కెర గబుక్కున పడిపోతుంది. చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, కళ్ళు తిరగడం, కారణం లేని చిరాకు, మాట తడబడటం దాని గుర్తులు. చూసేవాళ్ళు "అలసిపోయారు, కాసేపు పడుకోనివ్వండి" అంటారు. అదే ప్రమాదం! వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. ఉపవాసం ఉండదలిస్తే ఆ రోజు మందు మోతాదు ఎంతో ముందే డాక్టరుచేత చెప్పించుకోండి. పంచదార పొట్లం సంచి అడుగున కాదు, జేబులో ఉండాలి.

రెండోది పాదాలు. చెప్పులు లేకుండా కొండ ఎక్కుతామనే మొక్కు మనలో చాలామందికి ఉంది. మధుమేహం పాతబడిన కొద్దీ అరికాళ్ళ స్పర్శ మందగిస్తుంది. మిట్టమధ్యాహ్నం కాలిన బండమీద నడిచినా చురుక్కుమనదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. సాయంత్రానికి బొబ్బ, వారానికి పుండు. పసుపు రాసి ఊరుకుంటే నెల తిరిగేసరికి వేలు, కొన్నిసార్లు పాదమే తీసెయ్యవలసి వస్తుంది. కనుక మెత్తటి మేజోళ్ళు, పాతబడి కాలికి అలవాటైన బూట్లు వేసుకుని నడవండి. గుడి గుమ్మం దగ్గర విప్పితే చాలు. కొత్త బూట్లు కొండకు పనికిరావు.

నీళ్ళ విషయం. వాగు నీళ్ళు అద్దంలా తేటగా ఉంటాయి, దోసిట పట్టి తాగాలనిపిస్తుంది. పైన ఎవరు స్నానం చేశారో, ఏ జంతువు దిగిందో మీకు కనబడదు. కామెర్లు, టైఫాయిడ్ వచ్చే దారి అదే. మనిషికి రెండు లీటర్ల చొప్పున కాచిన నీళ్ళు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచాలు తలకొట్టినవే సుమా, గోపురాలు కాదు.

జలపాతం కింద బండలు పాచి పట్టి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు దిగేటప్పుడే కష్టం ఎక్కువ, చేతికర్ర ఉండాలి. లోతు తెలియని మడుగులోకి తలకిందులుగా దూకే కుర్రాళ్ళను గట్టిగా మందలించండి. మెడ ఎముక విరిగితే జీవితాంతం మంచమే. తేట నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, మీ నెత్తిన చినుకు పడకపోయినా సరే, పైన ఎక్కడో వాన పడిందన్నమాట. సామాన్లు వదిలేసి గట్టుకెక్కండి.

పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పీల్చడం వద్దు. కాలు కదలకుండా ఉంచి మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్ళండి. విషానికి విరుగుడు సూది అక్కడే ఉంటుంది.

ఇంటికి వచ్చాక వేడినీళ్ళ స్నానం చేసి, వేసుకున్న బట్టలన్నీ ఉతకండి. ఆ తర్వాత మూడు వారాల లోపల తలనొప్పితో జ్వరం వస్తే, అడవికి వెళ్ళొచ్చిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పొదల్లో ఉండే, కంటికి సరిగా ఆనని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఒకటుంది. కుట్టినచోట నల్లటి చిన్న పొక్కు కట్టవచ్చు. చంకల్లో, నడుం దగ్గర, గజ్జల్లో వెతికి చూడండి. తొందరగా కనిపెడితే డాక్సీసైక్లిన్ అనే చవక మందుతోనే తగ్గిపోతుంది.